పటానికి పెట్టిన మందు

మొన్న పక్కింటి కోడలు చేతుల ఒక చీరె పట్టుకొని మా గుమ్మంల నిలవడ్డది. వాళ్ళ అమ్మమ్మ పట్టుచీరె. మడత విప్పితే అంచు పొడుగూత జల్లెడ లెక్క బొక్కలు. "ఆంటీ, మీరు పాత సామాన్లు కాపాడే ఆఫీసుల చేసిన్రట గదా, ఏ మందు కొడితె ఈ పురుగు సస్తది?" అని అడిగింది. ఆమెను కూసోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చీరెను నీడల గాలికి ఆరెయ్యమని, మెత్తటి బ్రష్షుతోని దులుపుమని, కవర్ల గట్టిగ చుట్టి వారం పది రోజులు ఫ్రిజ్‌ల మంచు అరల పెట్టుమని చెప్పిన. ఆమె నన్ను వింతగ చూసింది. అమ్మమ్మ పెండ్లిచీరెను కోడిమాంసం పక్కన పెట్టుమంటున్న ఈమెకు ముప్పై ఏండ్లు సర్కారు జీతమెట్ల ఇచ్చిందో అనుకున్నట్టుంది. పోయేటప్పుడు, "అంటే మందు పేరేం లేదా ఆంటీ?" అని మల్లొకసారి అడిగింది. పేర్లు లేక కాదు. దండకం చదివినట్టు చదువుతా. చెప్పకపోవడానికి కారణం వేరే ఉన్నది.

మాది మానుకోట పక్కన ఒక తండా. ఇంట్ల మా భాష, బడిల తెలుగు, ఆఫీసుల ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ నా నాలుక చిన్నప్పటి సంది కుస్తీ పట్టింది. డిగ్రీల రసాయనశాస్త్రం చదివినందుకు హైదరాబాదుల పాత కాగితాలు, పాత బొమ్మలు బాగుచేసే ఒక చిన్న ల్యాబుల సహాయకురాలి కొలువు దొరికింది. మా సారు సముద్రం దిక్కు మనిషి. నేను "ఆడికి పోయొస్తా సార్" అంటే, "ఎక్కడికమ్మా, ఆడదాని దగ్గరికా?" అని నవ్వెటోడు. ఆ నవ్వు నాకు ముల్లు లెక్క గుచ్చుకునేది గని, పని నేర్పుడుల ఆయన ఏమీ దాచుకోలేదు. బూజుకు ఒక మందు, చెదలుకు ఒకటి, కాగితం తినే వెండి పురుగుకు ఒకటి. అన్నింటికంటె మొండిది పాదరసం ఉప్పు. తెల్లటి పొడి, చూస్తే చక్కెర లెక్క. దాన్ని జిగురుల కలిపి పుస్తకాల వీపులకు రాస్తే ఆ పుస్తకం జోలికి పురుగు రాదు. బీరువా తలుపు మీద సారు ఒక కాగితం అతికిచ్చిండు. ఈ పొడి ఒంట్లకు పోతే చేతులు వణుకుతయి, చిగుళ్ళు వాస్తయి, నోట్లె నీళ్ళూరుతయి, మతి తప్పుతది, మూత్రపిండాలు చెడిపోతయి అని. కింద ఎర్రసిరాతోని, ఈ సీసా గది దాటొద్దు అని. రోజుకు పదిసార్లు చదివిన కాగితం అది. రోజూ చూసేది కండ్లకు ఆనది.

కొలువుల చేరిన రెండో ఏడు, ఊర్లల్ల ఉన్న పాత పటాల వివరాలు రాసుకుంటందుకు సారు నన్ను తరిగొప్పుల తోలుకపోయిండు. అక్కడ ఒక కుటుంబం. ఒక కులపోళ్ళ పుట్టుక కథ చెప్పుడు వాళ్ళ వృత్తి. కోతలయినంక గుడ్డ పటం భుజానేసుకొని తమకు హక్కున్న ఊర్లకు పోయి, వాకిట్ల వేలాడదీసి, బొమ్మ వెంట బొమ్మ చూపిచ్చుకుంట రోజుల తరబడి కథ చెప్తరు. ఇంటి పెద్ద అప్పటికి నడివయసు మనిషి. పటం పరిచిండు. ఎర్రటి నేల మీద పచ్చని ఒండ్లు, పెద్ద పెద్ద కండ్లు, గుర్రాలు, యుద్ధాలు. నేను చూస్తనే ఉన్న. సారు మాత్రం అంచులు చూసిండు. గంజి, సుద్ద, చింతగింజల జిగురు పూసిన గుడ్డ గదా, పురుగులకు పండుగ భోజనం. "ఇది ఇక్కడుంటే పదేండ్లు కూడా ఉండదు, మ్యూజియంకు ఇచ్చెయ్యండి" అన్నడు సారు. ఆ పెద్దమనిషి పటం చుట్టుకుంట, "పటం ఇస్తె మేమేం చేత్తం సారూ? మా కూడు గిదే, మా దేవుడు గిదే" అన్నడు. నన్ను చూసి, "తండా పిల్లవా బిడ్డా? అన్నం తిన్నవా?" అని అడిగిండు. ఆయన భార్య నన్ను పొయ్యి కాడికి పిలిచి జొన్నరొట్టె పెట్టింది. ఆ కాలంల నన్ను వంటింట్లకు పిలిచి పెట్టెటోళ్ళు ఎంతమంది! ఆ పూట సంది ఆయన నాకు పెద్దబాపు, ఆమె పెద్దమ్మ.

పదేండ్లు ఉండదన్న మాట నన్ను పట్టుకున్నది. నెల తిరగకముందే బీరువా సీసాల నుంచి ఇంత పొడి ఒక ఖాళీ మందుసీసాల పోసుకొని, సారుకు చెప్పకుండ ఆదివారం నాడు బస్సెక్కిన. సీసా మీద కాగితం అతికిచ్చి నా చేతితోని రాసిన: పటం మందు, ఏడాదికి చిటికెడు, నీళ్ళల్ల కలిపి గుడ్డతోని రుద్దాలె. విషం అని రాయలేదు. మరిచిపోయి కాదు. ఆ మాట రాస్తె దేవుడసొంటి పటానికి పెట్టనియ్యరని భయపడ్డ. నోటితోని మాత్రం, "పిల్లలకు అందనియ్యకున్రి, చేతులు కడుక్కోన్రి" అని చెప్పిన. పెద్దమ్మ పురుగు రాకుండ పటం చుట్టలల్ల వస కొమ్ములు, ఎండిన వేపాకు మూటగట్టి పెట్టేది. "ఇగ గివన్ని ఎందుకు పెద్దమ్మా, ఈ మందు ముందు అవి పనికిరావు" అని నేనే మూట తీసి పెరట్ల పడేసిన. పెద్దబాపు సీసాను రెండు చేతులతోని అందుకొని కండ్లకద్దుకున్నడు. తిరుగు బస్సుల నేను కిటికీ పక్కన ఎంత గర్వంగ కూసున్ననో ఇప్పటికీ గుర్తున్నది. తర్వాత పెండ్లి, పిల్లలు, ప్రమోషన్లు. తరిగొప్పుల పోవాలె పోవాలె అనుకుంటనే ఇరవై ఏండ్లయినయి.

రాష్ట్రం కావాలని జనమంత రోడ్ల మీదికి వచ్చిన రోజులవి. ఆఫీసులు బందు, బడులు బందు, బస్సులు బందు. మా ల్యాబుకు మేమే తాళమేసి సమ్మెల కూసున్నం. నేను మా తండాకు వచ్చిన. మా తమ్ముడు భూపాలపల్లి బొగ్గుబాయిల కరెంటు పని చేస్తడు. బాయి కూడా సమ్మెల ఉండె గనుక వాడు మోటరుసైకిల్ మీద ఇంటికొచ్చిండు. ఒకనాడు పొద్దున, "అక్కా, జనగామ దీక్షల టెంటుల తరిగొప్పులోళ్ళు పటం కథ చెప్తున్నరట, నువ్వెప్పుడు చెప్పే పెద్దబాపే కావచ్చు" అన్నడు. నేను చీరె కొంగు చెక్కుకొని బండెక్కిన. తొర్రూరు దాటినంక రెండుచోట్ల రోడ్డుకు అడ్డంగ చెట్లు పడేసి ఉన్నయి. పొలంల దిగి, నెట్టుకుంట, మల్ల ఎక్కుకుంట, జఫర్‌గఢ్ మీదుగ జనగామ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండుతున్నరు. వందలమంది. టెంటు ముందట చిన్నపిల్లలు బాసిపట్లేసుకొని కూసున్నరు. పక్కన చాప మీద పెద్దబాపు ఉండె. నేను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. మనిషి సగమయిండు. "పెద్దబాపూ" అంటే తలెత్తి చూసి, చిన్నపోరని లెక్క సిగ్గుపడి మొఖం తిప్పుకున్నడు. ఎంతమంది ముందరన్న గొంతెత్తి పాడే మనిషి! నీళ్ళ గ్లాసు ఇస్తే పట్టుకున్నడు; నోటికి పోయేలోపు సగం అంగీ మీద ఒలికినయి. మూతి పక్క నుంచి చొంగ. నవ్వబోతే చిగుళ్ళ మీద నీలం గీత. పక్కన కూసున్న ఆయన కోడలు కొంగుతోని ఆయన మూతి తుడుసుకుంట, "ముసలితనం మేడం. ఈ నడుమ కథ మరిసిపోతున్నడు. పటం కోపానికొచ్చిందని ఒక్కటే ఏడుపు" అన్నది.

బీరువా మీది ఎర్రసిరా కాగితం వరుస తప్పకుండ నా కండ్ల ముందు నిలవడ్డది. "అమ్మా, పటానికి ఏమన్న పెడ్తరా? పురుగు పట్టకుండ?" అని అడిగిన. "ఎందుకు పెట్టం? ఎవలో ఆఫీసు ఆమె ఇచ్చిపోయిందట. మామ ఏడాదికొక పారి, వానలెక్కువయిన ఏడు రెండుసార్లు, మూడుసార్లు, ఇంట్ల తలుపులేసుకొని రుద్దుతడు. ఎవర్ని ముట్టనియ్యడు, పుణ్యమంట" అని, పటం సంచిల నుంచి సీసా తీసి చూపిచ్చింది. అడుగున వేలెడు మందం పొడి. కాగితం పసుపు పడ్డది గని నా అక్షరాలు నా దిక్కు చూసినట్టు అనిపిచ్చినయి. "పెద్దమ్మేది?" అన్న. "అత్త పోయి ఆరేండ్లాయె. కిడ్నీలు ఖరాబైనయన్నరు" అన్నది.

అదే నిమిషంల మైకుల ఎవరో, ఇప్పుడు పటం విప్పుతరని చెప్పిండు. ఇద్దరు పిల్లగాండ్లు చుట్ట పట్టుకొని లేపుతున్నరు. ఏండ్ల సంది రుద్దిన పొడి, ఎండిన సుద్ద, గాలికి దులిపితే ముందు వరుసల కూసున్న పిల్లల మొఖాల మీద పడ్తది. నేను ఉరికి పోయి చుట్ట మీద రెండు చేతులేసి పట్టుకున్న. "ఆగున్రి, విప్పకున్రి!"

దీక్షలు నడిపే పిల్లగాడొకడు ముందటికొచ్చిండు. "ఎవరు మేడం మీరు? టీవీవోళ్ళు వచ్చిన్రు, జర పక్కకు జరగున్రి."

"దీనికి విషం పూసి ఉన్నది తమ్మీ. పిల్లలను వెనకకు జరపున్రి."

"విషమా? మా పటానికా?" వెనక నుంచి ఒక పెద్దమనిషి లేచిండు, పెద్దబాపు కులపాయన. "ఏ ఆఫీసు నీది? ఎనకట పటం ఇయ్యిమని వచ్చినోళ్ళ ఆఫీసేనా? గిప్పుడు గీ ఉపాయం పట్టుకొని వచ్చిన్రా?" ఒకటి రెండు గొంతులు లేచినయి. ఎవలో పంపిన్రని ఒకరు, పోలీసోళ్ళ మనిషని ఒకరు. ఎవరిదో చెయ్యి నా భుజం మీద పడ్డది. మా తమ్ముడు నడుమకొచ్చి నిలవడి, "మా అక్క. బాయి మీద సమ్మెల ఉన్నోణ్ణి నేను, మమ్మల్ని ఎవడు పంపుతడన్నా?" అన్నడు. జనం చుట్టూ దగ్గరికి జరిగిన్రు.

పరీక్ష చేసి చూపిద్దామంటే ల్యాబుకు తాళం. తాళం మేమే వేసినం. అప్పుడు తట్టింది. "తమ్మీ, బండిల రాగితీగ ఉన్నదా?" అన్న. కరెంటు పనోని బండిల లేకుండ ఎట్లుంటది? జానెడు తీగె తెచ్చిండు. వంట కాడి నుంచి చింతపండు పులుసు ఇంత ఒక గిన్నెల తెప్పిచ్చిన. తీగను పులుసు, ఇసుకతోని తోమితే బంగారం లెక్క మెరిసింది. చేతులకు కవర్లు తొడుక్కొని, తడి దూదితోని పటం వెనక అంచును మెల్లగ అద్ది, ఆ దూది మీద రెండు చుక్కల పులుసు పిండి, తీగకు చుట్టి పట్టుకున్న. ఎంతసేపు పట్టుకున్ననో తెల్వదు. పొయ్యిల చిటపటలు వినవడ్డయి. ఒకవేళ ఏం మారకపోతే? మారకపోతే బాగుండునని కూడా మనసుల ఒక మూల అనుకున్న. దూది తీసిన. ఎర్రటి తీగ నడుమ బూడిద రంగు మచ్చ. కొత్త దూదితోని రుద్దితే అది వెండి లెక్క తెల్లగ మెరిసింది.

తమ్ముడు ఆ తీగను పైకెత్తి చూపిచ్చిండు. "పాదరసం" అన్న నేను. "రాగికి పట్టుకుంటే గిట్ల తెల్లగయితది. ఒంట్లకు పోతే చేతులు వణుకుతయి, మతి తప్పుతది." ఇంత వరకు చెప్పి ఆగొచ్చు. అందరూ నమ్మిన్రు. ఆ సీసా ఎవరిచ్చిన్రో అక్కడ ఎవరికీ తెల్వదు. గుర్తుపట్టగలిగిన ఒక్క మనిషి మతి తప్పి కూసున్నడు. ఆగుదామనే అనుకున్న. దొంగతనంగ కోడలి దిక్కు చూసిన. ఆమె తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నది.

"ఈ మందు ఇచ్చింది నేనే" అన్న.

కోడలు లేచి నా ముందుకొచ్చింది. కొడ్తదనుకున్న. కొట్టలేదు. "ఇచ్చిన్రు, మంచికే ఇచ్చిన్రు కావచ్చు. ఇరవై ఏండ్లల్ల ఒక్కపారన్న వచ్చి ఎట్లున్నరని చూసిన్రా మేడం? ఒక్కపారి వచ్చి సీసా చూస్తె మా అత్త బతుకుతుండెనేమో" అన్నది. అంతమందిల ఒక్కరు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు.

పెద్దబాపు అప్పటిదాక నేల చూపులు చూస్తున్నడు. మెల్లగ నా చేతి మీద చెయ్యేసిండు. ఆ వణుకు నా మోచెయ్యి దాక పాకింది. "బిడ్డా, అయితె నేను కథ మరిసింది పటం కోపానికి కాదు గదా?"

"కాదు పెద్దబాపూ."

"నా తప్పు కూడా కాదు గదా?"

"కాదు. నాది."

ఆయన ఏడ్సిండు. బరువు దించుకున్నట్టు, అందరి ముందర, చప్పుడు చేసుకుంట ఏడ్సిండు. క్షమిస్తున్న అని అనలేదు. ఆ మాట ఆయనకు తట్టినట్టు లేదు.

టెంటు వాళ్ళే ఒక జీపు చూసిన్రు. జనగామ దవాఖానల నల్లబ్యాడ్జి పెట్టుకున్న డాక్టరు చూసి, ఇక్కడ కాదు, వరంగల్ తీస్కపోన్రి అన్నడు. దారిల రాళ్ళు అడ్డం పెట్టిన కాడల్లా తమ్ముడు ముందుగ బండి మీద ఉరికి అరుస్తుంటే పిల్లగాండ్లు రాళ్ళు జరిపి, జీపు పోయినంక మల్ల పేర్చిన్రు. మూత్రపిండాలు ఇంకా పూర్తిగ చెడలేదని వరంగల్ల చెప్పేదాక నేను దవాఖాన వరండాల నిలవడే ఉన్న. కోడలు పక్కనే గోడకానుకొని కూసున్నది. వచ్చేటప్పుడు ఆమె రెండు ఇడ్లీల పొట్లం నా దిక్కు నెట్టింది.

వారం రోజులకు ఇంకొక చిక్కు వచ్చింది. పాడైన పటాన్ని పూజ చేసి నీళ్ళల్ల కలుపుడు వాళ్ళ ఆచారం. కులపెద్దలు చెరువు కాడికి బయలుదేరిన్రని తెలిసి నేను, తమ్ముడు తరిగొప్పుల పరుగెత్తినం. "మందిచ్చింది నువ్వే, ఇప్పుడు సాగనంపనియ్యనిది నువ్వేనా?" అన్నడు టెంటు కాడ నా మీదికి లేచిన పెద్దమనిషి. కోడలే దర్వాజకు అడ్డం నిలవడ్డది. "నీళ్ళల్ల వద్దు. ఆ చెరువు నీళ్ళు మన గొడ్లు తాగుతయి, ఆ చేపలు మన పోరగాళ్ళు తింటరు. పూజ ఇంట్లనే చేద్దాం." పసుపు, కుంకుమ దూరం నుంచే చల్లిన్రు. మూడు పొరల ప్లాస్టిక్‌ల చుట్టి, సీసాతోని సహా ఇనుప పెట్టెల పెట్టి, మూతకు మాటు వేయించినం. పెట్టె మీద ఈసారి నేను పెద్ద అక్షరాలతోని తెలుగుల రాసిన: విషం. సమ్మె విరమించినంక దాన్ని ల్యాబుకు అప్పజెప్పి, జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టి సంతకం చేసిన. విచారణ అయింది, మందలిచ్చి వదిలిపెట్టిన్రు. రిటైరై ఊరికి పోయిన మా సారుకు ఫోన్ చేసి చెప్పిన. "నేను కూడా ఆ బీరువాకు తాళం వెయ్యలేదమ్మా" అన్నడు. నా యాసకు నవ్వని ఒకే ఒక్క ఫోన్ అది.

పెద్దమ్మ సంగతి మాత్రం తేలలేదు. మందు వల్లనే పోయిందా, కాదా, ఇప్పుడు చెప్పగలిగినోళ్ళు లేరు. తేలకపోవడమే నాకు పడ్డ శిక్ష అనుకుంటా.

పెద్దబాపు చేతుల వణుకు రెండేండ్లల్ల చాలా మట్టుకు తగ్గింది. కథల కొన్ని భాగాలు మాత్రం మల్ల రాలేదు. ఇన్నేండ్లు తెర వెనక కూసొని విన్న కోడలు ఆయన ఆగిన కాడల్లా అందిస్తుండె. రాష్ట్రం వచ్చిన ఏడు కొత్త పటం రాయిచ్చుకున్నరు. దాని చుట్టలల్ల వస కొమ్ములు ఎవరు పెట్టిన్రో నేను అడగలేదు. మొదటి రోజు కథకు నేను పోయి పిల్లల వెనక కూసున్న. పెద్దబాపు ఒకచోట ఆగిపోయిండు. కోడలు కూడా అందియ్యలేదు. ఆ ముక్క ఆమెకూ తెల్వదు. ఆయన బొమ్మ దిక్కు చూసి, జనం దిక్కు చూసి, "ఇక్కడ ఒక యుద్ధముంటది, అది నాకు యాదికి లేదు" అని చెప్పి ముందుకు పోయిండు.

ఆయన పోయి కూడా కొన్నేండ్లాయె. ఇప్పుడు కథ కోడలే చెప్తది. కోతలయినంక ఆమె నుంచి ఫోన్ వస్తది, "అక్కా, ఎల్లుండి మొదలు పెడ్తున్నం, వస్తున్నవా?" అని. మేడం నుంచి అక్కకు ఎప్పుడు మారిందో నాకు గుర్తులేదు. మోకాళ్ళు నొస్తున్నా, బస్సుల సీటు దొరకకున్నా పోతున్న. ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఎన్ని ఏండ్లు పోయొచ్చినా, పోని ఆ ఇరవై ఏండ్లు నిండుతలేవు.